థాంక్స్‌గివింగ్ కామెడీల్లో నవ్వు ఎక్కడుంది? అమ్మానాన్నలతో ఏవి చూడాలి?

మీ ప్రశ్న చదివాను. మీ అమ్మగారు, నాన్నగారు డాలస్‌లో మీ దగ్గరే ఉన్నారు. అమెరికన్లు నవంబరులో చేసుకునే థాంక్స్‌గివింగ్ పండగ నాలుగు రోజుల సెలవుల్లో అందరూ కలిసి నవ్వుకునేవి ఏవైనా చూడాలని మీ కోరిక. కిందటి వారం ఒక ఎపిసోడ్ పెడితే నాన్నగారు "కోడి మాడిపోతే అంత నవ్వు దేనికి?" అని లేచి వెళ్లిపోయారు. అసలు ప్రతి అమెరికన్ సీరియల్లోనూ ఈ పండగ ఎపిసోడ్ ఎందుకుంటుంది, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఎందుకు పోట్లాడుకుంటారు అని కూడా అడిగారు.

నేను న్యూజెర్సీలో ఒక పబ్లిక్ లైబ్రరీలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏటా నవంబరులో మా హాల్లో ఈ పండగ కామెడీలు వేస్తాం. వచ్చేవాళ్లలో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లూ ఉంటారు, మనలా వచ్చి స్థిరపడినవాళ్లూ ఉంటారు. ఎవరు ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ ఊరుకుంటున్నారో వెనక వరసలో కూర్చుని చూస్తూ వచ్చాను. మా అమ్మకూ, అత్తయ్యగారికీ కూడా చూపించాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీ నాన్నగారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. మాడిపోయిన టర్కీ కోడిలో నవ్వేమీ లేదు. ఆ బల్ల మీద ఏం ఉండాలో, ఎన్నింటికి ఉండాలో, ఎవరు కొయ్యాలో చూసేవాళ్లందరికీ ముందే తెలియడంలో ఉంది నవ్వు. టర్కీ, దాంతోపాటు స్టఫింగ్ అనే బ్రెడ్ వంటకం, మెదిపిన బంగాళదుంప, క్రాన్‌బెర్రీ సాస్, చివర గుమ్మడికాయతో చేసే "పై" అనే తీపి వంటకం. దేశమంతా ఒకే రోజు దాదాపు ఇదే భోజనం. పొద్దున టీవీలో న్యూయార్క్ పరేడ్, మధ్యాహ్నం ఫుట్‌బాల్. మన పెళ్లి బంతిలో విస్తళ్లు పరిచి, ఉప్పూ పచ్చడీ వడ్డించి, ఎంతసేపటికీ అన్నం రాలేదనుకోండి. అక్కడ కూర్చున్నవాడికి పరిస్థితి ఎవరూ వివరించక్కర్లేదు. రచయితకు అలాంటి సౌకర్యం ఏడాదిలో ఒక్కసారే దొరుకుతుంది. ఒక్క వస్తువు తారుమారు చేస్తే చాలు, కథ మొదలైపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు. మేం ఈ దేశం వచ్చిన రెండో ఏడాది మావారి ఆఫీసు నుంచి ఒక కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. 14 పౌన్ల టర్కీ కొన్నాం. బుధవారం రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి బయట పెట్టాను. గురువారం పది గంటలకు దాని పొట్టలోకి చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమన్నాయి. గుండె, కార్జం, మెడ ముక్క చుట్టి పెట్టిన కాగితం సంచి మంచుగడ్డకు అతుక్కుపోయి ఊడి రావడం లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తయ్యగారు ఏమీ అనలేదు. చింతపండు నానబోసి పులిహోర కలిపారు, బంగాళదుంప వేపుడు చేశారు. వచ్చినవాళ్లు అవి తృప్తిగా తిని, టర్కీ ఉడికేదాకా ఉండి, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ మాతో పాటు కూర్చున్నారు. ఆ దంపతులు ఇప్పటికీ పండగ ముందు ఫోన్ చేసి ఆ పులిహోర గురించి అడుగుతారు. టర్కీ కామెడీలు నాకు నిజంగా అర్థమవడం మొదలైంది ఆ తర్వాతే.

ఇక ప్రతి సీరియల్లోనూ ఎందుకు ఉంటుందంటే, దానికి మామూలు వ్యాపార కారణాలున్నాయి. అమెరికాలో టీవీ రేటింగులు ప్రత్యేకంగా లెక్కగట్టే నెలల్లో నవంబరు ఒకటి. ఆ లెక్కల మీదే లోకల్ స్టేషన్ల ప్రకటనల ధరలు ఆధారపడేవి. కాబట్టి ఆ నెలలో ఛానళ్లు మంచి సరుకు దింపేవి. రెండోది ఇంకా సులువైన కారణం. థాంక్స్‌గివింగ్ ఎప్పుడూ గురువారమే వస్తుంది. ఎన్‌బీసీ ఛానల్‌కు ఏళ్ల తరబడి గురువారం రాత్రే కామెడీ రాత్రి. ఒక బార్ చుట్టూ తిరిగే "చీర్స్", ఆరుగురు స్నేహితుల కథ "ఫ్రెండ్స్" రెండూ గురువారం వచ్చినవే. "చీర్స్" పండగ ఎపిసోడ్ 1986 నవంబరు 27న వచ్చింది. అది పండగ రోజే. ఇంట్లో భోజనం చేసి సోఫాలో వాలినవాళ్లు, తెర మీద అదే భోజనం అభాసుపాలవుతుంటే చూశారన్నమాట. అలాంటి ఎపిసోడ్ రాయకుండా ఏ రచయిత ఉండగలడు?

పైగా ఇది మతంతో ముడిపడిన పండగ కాదు. యూదు కుటుంబమైనా, ఇటాలియన్ కుటుంబమైనా, కొత్తగా వచ్చిన వియత్నాం కుటుంబమైనా ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు. లింకన్ 1863లో దేశమంతటికీ ప్రకటించాక ఇది నవంబరు చివరి గురువారం జరిగేది. 1939లో రూజ్‌వెల్ట్, క్రిస్మస్ అమ్మకాలకు ఇంకో వారం కలిసొస్తుందని, ఒక గురువారం ముందుకు జరిపాడు. రాష్ట్రాలు రెండుగా చీలిపోయాయి. టెక్సస్ రెండు రోజులూ జరుపుకుంది, డాలస్‌లో ఉన్నారు కాబట్టి మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పండి. చివరికి 1941లో చట్టం చేసి నాలుగో గురువారం అని ఖాయం చేశారు. ఈ గందరగోళం మీద 1942లో వచ్చిన "హాలిడే ఇన్" అనే సినిమాలోనే ఒక చిన్న కార్టూన్ జోకు ఉంది. ఏ గురువారం మీద నిలబడాలో తెలియక క్యాలెండర్ మీద టర్కీ అటూ ఇటూ గెంతుతుంది.

పోట్లాటల సంగతి. మన సంక్రాంతికి ఇంట్లో చేతినిండా పనులుంటాయి. ముగ్గులు, భోగిమంట, పిండివంటలు, కొత్తబట్టలు, కోడి పందేలు చూసేవాళ్లు కోడి పందేలకు, పేకాట ఆడేవాళ్లు పేకాటకు. ఇద్దరికి పడకపోయినా ఎదురుపడకుండా మూడు రోజులు గడిపేయొచ్చు. థాంక్స్‌గివింగ్‌లో అలా కుదరదు. పూజ లేదు, కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ఒకే ఒక్క భోజనం, ఒకే బల్ల, ఎదురుబొదురుగా మూడు గంటలు. అన్న సియాటిల్‌లో, చెల్లెలు బోస్టన్‌లో, తల్లిదండ్రులు ఒహాయోలో. ఏడాదిగా ఫోన్‌లో దాటేసిన మాటలన్నీ ఆ మూడు గంటల్లోనే బయటపడాలి. నలభై ఏళ్ల కొడుకును తల్లి ఇంకా పన్నెండేళ్లవాడిలాగే చూస్తుంది. అందుకే ఈ ఎపిసోడ్లలో పోట్లాట తెచ్చిపెట్టుకున్నట్టు ఉండదు. ఆ మూడు గంటలే దాన్ని తెచ్చిపెడతాయి.

ఇన్నేళ్లు చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఈ పండగ మీద వచ్చిన వాటిలో గొప్పవి, అసలు విషయాన్ని మనకు చూపించకుండా దాస్తాయి. నవ్వైనా కన్నీళ్లైనా ఆ దాచినచోటే పుడతాయి.

"డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి" అని ఒక చిన్న రేడియో స్టేషన్ గురించిన సీరియల్ ఉండేది. దాంట్లో 1978 అక్టోబరు 30న వచ్చిన టర్కీల ఎపిసోడ్‌ను ఇప్పటికీ జనం తలుచుకుంటారు. స్టేషన్ మేనేజరు పండగకు పెద్ద ప్రచారం చెయ్యాలని, ఎవరికీ చెప్పకుండా హెలికాప్టర్ ఎక్కి షాపింగ్ మాల్ మీద బతికున్న టర్కీలను వదులుతాడు. అవి ఎగురుకుంటూ దిగుతాయని అతని నమ్మకం. అడవి టర్కీలు కొద్ది దూరం ఎగరగలవు. మాంసం కోసం పెంచేవి ఎగరలేవు, వాటి బరువు వాటిని లేవనివ్వదు. ఈ ఎపిసోడ్‌లో ఒక్క టర్కీ కూడా కింద పడుతూ కనిపించదు. కింద నిలబడ్డ విలేకరి మైకులో చెబుతుంటే స్టేషన్‌లో కూర్చున్నవాళ్లు వింటారు, వాళ్లతోపాటు మనమూ వింటాం. ఆయన గొంతు మామూలుగా మొదలై, అనుమానంలోకి, తర్వాత భయంలోకి జారుతుంది. 1937లో ఇదే న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ విమాననౌక తగలబడిపోతుంటే హెర్బర్ట్ మారిసన్ అనే రేడియో విలేకరి వర్ణించిన తీరుకు అది అనుకరణ. మా హాల్లో ఆ పాత రికార్డింగ్ తెలిసిన పెద్దవాళ్లు అందరికంటే ముందు నవ్వుతారు. మీరు ఎపిసోడ్ పెట్టే ముందు అమ్మానాన్నలకు ఆ ఒక్క సంగతి చెప్పండి. చివర మేనేజరు చిందరవందరగా తిరిగొచ్చి, టర్కీలు ఎగురుతాయనుకున్నానని దేవుడి సాక్షిగా చెబుతాడు. ఆ ముఖం చూడాలి. చేసింది ఘోరం, కానీ మనసులో కపటం లేదు. అందుకే నవ్వగలుగుతాం.

"చీర్స్" ఎపిసోడ్‌లోనూ ఇదే పద్ధతి. పండగకు ఎక్కడికీ వెళ్లలేని బార్ బృందమంతా కార్లా ఇంట్లో చేరతారు. నార్మ్ తెచ్చిన టర్కీ ఎంతకీ ఉడకదు. ఉడికితే బయటికి పొడుచుకొచ్చే చిన్న ప్లాస్టిక్ పుల్ల ఒకటి దానికి గుచ్చి ఉంటుంది, అందరి కళ్లూ దాని మీదే. తక్కిన వంటలన్నీ చల్లారిపోతాయి. ఆకలి కాస్తా చిరాకవుతుంది, చిరాకు మాటామాటా అవుతుంది, చివరికి పళ్లేల్లో ఉన్నవన్నీ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆ తర్వాత గుమ్మంలోకి నార్మ్ భార్య వీరా వస్తుంది. అన్నేళ్లుగా పేరు వినడమే తప్ప ఆమెను ప్రేక్షకులు చూసింది లేదు. సరిగ్గా ఆ క్షణాన, ఆ బృందంలోని శామ్ మీదకు డయాన్ విసిరిన "పై" వీరా ముఖానికి తగులుతుంది. ముఖం ఈసారీ కనిపించదు. ఆ పాత్ర వేసిన బెర్నడెట్ బర్కెట్ నిజ జీవితంలో నార్మ్ పాత్రధారి జార్జ్ వెంట్ భార్యే. అన్నం పారబోయడం మా అమ్మకు అస్సలు నచ్చలేదు, నిజమే మరి. మీ ఇంట్లో కూడా ఆ ఇబ్బంది ఉంటే ఇది వదిలేయండి.

"ఫ్రెండ్స్"లో రెండో సీజన్ తప్ప ప్రతి సీజన్‌లోనూ థాంక్స్‌గివింగ్ ఉంది. అన్నీ చూడక్కర్లేదు. 1999 నవంబరు 25న వచ్చినది, రేచల్ ట్రైఫిల్ చేసే ఎపిసోడ్, ఒక్కటి చాలు. ట్రైఫిల్ అంటే కేకు, జామ్, కస్టర్డ్, పండ్లు పొరలు పొరలుగా వేసి చేసే తీపి. వంటల పుస్తకంలో రెండు పేజీలు అతుక్కుపోవడంతో రేచల్ సగం ట్రైఫిల్, సగం మాంసంతో చేసే "షెపర్డ్స్ పై" అనే వంటకం కలిపేస్తుంది. కస్టర్డ్ కింద బఠాణీలు, ఉల్లిపాయలతో వేపిన మాంసం. మొదటిసారి ఇంత కష్టపడి వండింది కదా, ఆమెకు నిజం చెప్పడానికి ఎవరికీ మనసొప్పదు, ఎవరి అవసరాలు వాళ్లకున్నాయి కూడా. ఒక్కొక్కరూ ఒక్కో సాకుతో పళ్లెం పట్టుకుని బల్ల దగ్గర నుంచి జారుకుంటారు. జోయీ మాత్రం ఇష్టంగా తింటాడు. అతని లెక్క ప్రకారం కస్టర్డ్ బావుంటుంది, జామ్ బావుంటుంది, మాంసం బావుంటుంది, ఇక కలిపితే బాగోకపోవడం ఏమిటి? కొత్త కోడలు మొదటిసారి చేసిన పాయసంలో ఉప్పు పడితే మామగారు గ్లాసు ఖాళీ చేసి "బావుందమ్మా" అనే ఇళ్లు మనకు తెలుసు. ఈ ఎపిసోడ్ మా అత్తయ్యగారికి సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమైంది. అది గొడ్డుమాంసం అన్న సంగతి పట్టింపు ఉన్న ఇంట్లో అయితే ముందే చెప్పేయండి, మధ్యలో తెలిస్తే నవ్వు ఆగిపోతుంది.

అదే సీరియల్లో చాండ్లర్ అనే ఇంకో స్నేహితుడు ఈ పండగ భోజనం ముట్టుకోడు. తొమ్మిదేళ్లప్పుడు ఇదే బల్ల దగ్గర అమ్మానాన్నా విడిపోతున్నామని చెప్పారు. ఏళ్ల తరబడి దాన్ని జోకుగానే వాడారు, కానీ ఆ పిల్లవాడు ఎప్పుడూ ఆ జోకు వెనకే ఉన్నాడు. చాండ్లర్ ఒక్కడే పళ్లెంలో వేరే ఏదో పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

పండగ పోట్లాటల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది కామెడీలోది కాదు. బ్యారీ లెవిన్‌సన్ 1990లో తీసిన "ఆవలాన్" సినిమాలోది. తూర్పు యూరప్ నుంచి బాల్టిమోర్ వచ్చి స్థిరపడిన యూదు అన్నదమ్ముల కుటుంబం అది. తమ్ముళ్లు, పిల్లలు శివార్లలో కొత్త ఇళ్లకు మారతారు. పెద్దాయన గేబ్రియల్‌కు అంతదూరం రావడం ఆలస్యమవుతుంది. పిల్లలు ఆకలికి ఆగలేక గొడవ చేస్తే, ఆయన రాకముందే టర్కీ కోసేస్తారు. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తాడు, తను లేకుండా కోశారా అని అడుగుతాడు, కోటు కూడా విప్పకుండా వెనక్కి తిరుగుతాడు. మా హాల్లో ఇక్కడివాళ్లు కొంతమంది మొదట నవ్వారు. మా అమ్మ మాత్రం ముందుకు వంగి కూర్చుంది. తెనాలి దగ్గర మా ఊళ్లో, మా పెదతాతగారు రాకముందే బంతి కూర్చోబెట్టారని రెండిళ్ల మధ్య పదకొండేళ్లు రాకపోకలు ఆగిపోయాయి. అమ్మ ఆ పెళ్లిలో వడ్డించిన మనిషి. "ఆయన్ని ఒక్కరైనా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురారేమే?" అని తెర వైపు చూస్తూ అంది. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఏమందని నన్ను అడిగింది. చెప్పాను. ఆవిడ అమ్మ చెయ్యి నొక్కింది. ఆ సినిమా మీ వాళ్లకు తప్పకుండా చూపించండి, కానీ నవ్వుల రోజు కాకుండా ఇంకో రోజు.

పిల్లలు కూడా ఉంటే 1973లో వచ్చిన చార్లీ బ్రౌన్ కార్టూన్ పెట్టండి, అరగంట కూడా ఉండదు. పెప్పర్‌మింట్ ప్యాటీ అనే అమ్మాయి పిలవని పేరంటానికి వచ్చినట్టు తనే ఫోన్ చేసి వస్తానంటుంది, తోడు ఇంకో ఇద్దరు. వంట రాని పిల్లలు పింగ్‌పాంగ్ బల్ల పరిచి కాల్చిన బ్రెడ్, పేలాలు, జెల్లీ బీన్స్ లాంటివి వడ్డిస్తారు. టర్కీ ఏదని ప్యాటీ కోప్పడుతుంది. ఆ తర్వాత స్నేహితురాలు మార్సీ ఆమెకు నెమ్మదిగా నచ్చజెప్పే తీరు చాలా బావుంటుంది.

ఇక "ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్". జాన్ హ్యూస్ తీసింది, 1987. నీల్ అనే ఉద్యోగి పండగకు న్యూయార్క్ నుంచి షికాగో ఇంటికి చేరాలి. మంచు వల్ల విమానం విచిటాకు మళ్లుతుంది. అక్కణ్నుంచి రైలు, బస్సు, కాలిపోయిన కారు, ట్రక్కు. బాత్రూం కర్టెన్ల రింగులు అమ్ముకునే డెల్ అనే మనిషి, పెద్ద పెట్టె ఒకటి మోసుకుంటూ దారంతా వదలడు. స్టీవ్ మార్టిన్, జాన్ క్యాండీ ఇద్దరూ పోటీపడి చేశారు. సంక్రాంతికి విజయవాడ బస్సులో సీటు దొరకక నిలబడి ప్రయాణం చేసిన ఎవరికైనా ఈ సినిమా పరాయిది అనిపించదు. ఒక్క జాగ్రత్త. అద్దె కార్ల కౌంటర్ దగ్గర నీల్ ఒక నిమిషం పాటు ఆగకుండా బూతు మాట వాడతాడు. అమ్మానాన్నలతో అయితే ఆ కౌంటర్ అమ్మాయి ఫోన్‌లో పండగ వంటల గురించి మాట్లాడుతుండగానే ఆపి ముందుకు జరపండి. కథకు నష్టం లేదు. దారి పొడుగునా డెల్ తన భార్య మారీ గురించి చెబుతూనే ఉంటాడు. ఆమె ఎందుకు కనిపించదో ఇక్కడ నేను రాయను, మీరు వాళ్లతో కలిసి తెలుసుకోవాలి.

మీ వయసువాళ్లు విడిగా చూసుకోవడానికి రెండు. 2003లో వచ్చిన "పీసెస్ ఆఫ్ ఏప్రిల్"లో, ఇంటికి దూరమైన ఒక అమ్మాయి, జబ్బుతో ఉన్న తల్లిని పండగ భోజనానికి పిలుస్తుంది. ఓవెన్ పనిచెయ్యదు. పచ్చి టర్కీ పట్టుకుని అపార్ట్‌మెంట్‌లో తలుపు తలుపూ తడుతుంది. ఒక చైనీస్ కుటుంబానికి ఈ పండగ ఎందుకో చెప్పబోయి, చెప్పిన మాట తనకే నచ్చక, మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆపుతుంది. మా అమ్మకు ఈ పండగ గురించి చెప్పేటప్పుడు నాకూ అలాగే అయింది. రెండోది "మాస్టర్ ఆఫ్ నన్" సీరియల్లో 2017 నాటి థాంక్స్‌గివింగ్ ఎపిసోడ్. ఒక నల్లజాతి కుటుంబం, ఏటా వాళ్లింటికి వచ్చే భారతీయ మిత్రుడు, అదే బల్ల మీద ఇరవై ఏళ్లకు పైగా గడిచిన పండగలు. కూతురు తను అమ్మాయిలను ఇష్టపడతానని తల్లికి చెప్పడం, తల్లి మెల్లగా దారికి రావడం కథ. ఆ మిత్రుడి పాత్ర వేసిన అజీజ్ అన్సారీతో కలిసి దీన్ని రాసిన లీనా వెయిత్‌కు కామెడీ రచనలో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. ఆ విభాగంలో ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. అదీ ఆ వయసు కూతుళ్లున్న తల్లిదండ్రులు చూడాల్సిందే అని నా అభిప్రాయం. ఎప్పుడు చూపించాలో మాత్రం మీకే తెలుసు.

పండగ కథలో చెప్పని భాగం కూడా మీ పిల్లలకు తెలియాలి. ఈ పండగకు మొదలని చెప్పుకునే 1621 నాటి విందులో, ప్లిమత్‌లో ఇంగ్లండ్ నుంచి వలసవచ్చినవాళ్లతో కలిసి తిన్న వాంపనాగ్ అనే మూలవాసులకు ఆ తర్వాత జరిగింది స్కూలు నాటకాల్లో ఉండదు. 1970 నుంచి ఇదే గురువారం ప్లిమత్‌లో మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. ఈ సంగతిని నవ్వుతోనే సూటిగా చెప్పింది 1993 నాటి "ఆడమ్స్ ఫ్యామిలీ వాల్యూస్". వేసవి శిబిరంలో పిల్లలతో థాంక్స్‌గివింగ్ నాటకం వేయిస్తారు. పోకహాంటస్ అనే మూలవాసి అమ్మాయి వేషం వేసిన, ఆడమ్స్ ఇంటి కూతురు వెన్స్‌డే మధ్యలో రాసిచ్చిన మాటలు పక్కన పెట్టి, మీరు మా నేల తీసుకున్నారని చెప్పి, సెట్ తగలబెట్టిస్తుంది. అసలు పోకహాంటస్ వర్జీనియా మనిషి, 1621కి నాలుగేళ్ల ముందే ఇంగ్లండ్‌లో చనిపోయింది. ఆ శిబిరం పెద్దలకు అంతమాత్రం కూడా పట్టలేదన్నది కూడా ఆ సన్నివేశంలో భాగమే.

మీకు నేను చెప్పే వరస ఇది. బుధవారం రాత్రి టర్కీల ఎపిసోడ్. గురువారం భోజనాలయ్యాక చార్లీ బ్రౌన్, తర్వాత ట్రైఫిల్. శుక్రవారం "ప్లేన్స్, ట్రైన్స్". శనివారం ఓపిక ఉంటే "ఆవలాన్". ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టండి, అడిగినప్పుడల్లా ఆపి చెప్పండి, వాళ్లు అడగకముందే వివరించకండి. ఏం వండాలో, ఎంతసేపు ఉడకాలో ముందు మీరే వాళ్లకు చెప్పి, నాన్నగారిని వంటింట్లో పక్కన నిలబెట్టుకుంటే ఇంకా మంచిది. టర్కీ కొంటున్నారా? నాలుగైదు పౌన్లకు ఒక రోజు చొప్పున లెక్క వేసుకుని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. 20 పౌన్లదైతే శనివారమే తీయండి. గురువారం పొద్దున పొట్టలో కాగితం సంచి ఉంటుంది, చెయ్యి పెట్టి తీయడం మర్చిపోకండి.